స్టోన్ టౌన్‌లో గైడ్‌తో నడక: అవసరమా, పెద్దవాళ్లు నడవగలరా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: హైదరాబాద్ నుంచి టాంజానియాలోని జాంజిబార్ దీవికి నాలుగు రోజులు వస్తున్నారు. అందులో ఒక రోజు అక్కడి పాత ఊరు స్టోన్ టౌన్‌కి. వెంట 68 ఏళ్ల నాన్నగారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, ఇంటర్ చదివే అబ్బాయి. గైడ్‌కి డబ్బులు దండగా, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని తిరిగేయొచ్చా, శాకాహారం దొరుకుతుందా?

మాది బందరు. పన్నెండేళ్లుగా దీవికి ఎదురు ఒడ్డునున్న దారెస్సలాంలో సివిల్ ఇంజినీర్‌గా ఉంటున్నాను. ఊరి నుంచి ఎవరొచ్చినా ఫెర్రీ ఎక్కించి స్టోన్ టౌన్ చూపించడం నా డ్యూటీ అయిపోయింది, ఇరవైసార్లు పైనే వెళ్లుంటాను. నా జవాబు: గైడ్‌ని పెట్టుకోండి. అయితే ఒక పూటకి మాత్రమే. సాయంత్రం గైడ్ లేకుండా, మ్యాప్ కూడా లేకుండా తిరగండి.

మ్యాప్ ఎందుకు వద్దంటే, ఆ సందుల్లో అది పనిచేయదు. రెండు పక్కలా మూడు నాలుగు అంతస్తుల గోడలు, మధ్యలో చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత దారి. మ్యాప్‌లో మీ నీలం చుక్క పక్క వీధిలోకి గెంతుతూ ఉంటుంది. తప్పిపోతే కంగారు పడక్కర్లేదు, ఊరు చిన్నది. ఒకే వైపు నడిస్తే పావుగంటలో సముద్రమో, పెద్ద రోడ్డో తగులుతుంది. కానీ ఎండలో పెద్దవాళ్లతో ఆ పావుగంట అరగంటై, అమ్మగారు ఎవరి అరుగు మీదో కూలబడితే మీకు టెన్షన్.

మొదటిసారి నేనూ మోసపోయాను. ఫెర్రీ దిగగానే ఒకడు "నమస్తే, ఇండియా? మై బ్రదర్!" అంటూ సంచీ అందుకున్నాడు. గంటన్నర తిప్పి నాలుగు మసాలా దుకాణాలు, రెండు బొమ్మల కొట్లు చూపించాడు. చర్చి గేటు దాకా తీసుకెళ్లి, లోపల చూడటానికి ఏమీ లేదన్నాడు. చివర్లో చెప్పిన రేటు మొదట చెప్పిన దానికి రెట్టింపు. ఇలాంటి వాళ్లని అక్కడివాళ్లే "పపాసి" అంటారు. అంటే పిడుదులు, పశువుల్ని పట్టుకుని వదలని పురుగులు. పేరు ఎంత బాగా కుదిరిందో మీరు జెట్టీ దగ్గరే చూస్తారు. కోప్పడక్కర్లేదు, నవ్వుతూ "హపానా, అసాంతే" (వద్దు, థాంక్స్) అని ముందుకు సాగిపోండి.

అసలు గైడ్‌కి ప్రభుత్వ పర్యాటక కమిషన్ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంటుంది. అది చూపించమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. హోటల్ వాళ్లని అడిగితే పంపుతారు. మూడు గంటల నడకకి మనిషికి 15 నుంచి 25 డాలర్లు ఇస్తుంటాం, టికెట్లు వేరే. "దుకాణాలు వద్దు, పెద్దవాళ్లు ఉన్నారు, మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి" అని ముందే చెప్పేయండి.

కార్డు కంటే ముఖ్యమైన పరీక్ష ఇంకోటి ఉంది. మన భాషలో "ట" ఉంది చూడండి: "ఉంది" వేరు, "ఉందట" వేరు. ఇక్కడి భాష స్వాహిలిలో కూడా అలాంటి మాట ఒకటుంది, "ఎతి" అని. స్టోన్ టౌన్‌లో ప్రతి గుమ్మానికీ ఒక కథ ఉంటుంది. ఏది చరిత్రో, ఏది చెప్పుకునే మాటో విడదీసి చెప్పగలిగితే ఆయన మంచి గైడ్. అన్నిటినీ ఒకే గొంతుతో చెప్పేవాడితో కాలక్షేపం అవుతుంది, అంతే.

పొద్దున్నే ఎనిమిదింటికల్లా దారాజాని మార్కెట్ దగ్గర మొదలుపెట్టండి. చాలామంది గైడ్లు సముద్రం వైపు కోట దగ్గర మొదలుపెడతారు, మీరు తిరగేయమని చెప్పండి. ఎండ ముదిరేలోపు మార్కెట్టూ, చర్చీ అయిపోతాయి. ఆ తర్వాత నీడ ఉన్న సందుల్లోంచి సముద్రపు గాలికి చేరుకుంటారు. మొత్తం కలిపి రెండు మూడు కిలోమీటర్లు. నేల చదునే కానీ అరిగిన రాళ్లు, గతుకులు, మధ్యలో మురుగు కాలవ మూతలు. అమ్మగారికి చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి. మార్కెట్‌లో చేపలు, మాంసం అమ్మే వైపు నేల తడిగా జారుతుంది, వాసన కూడా గట్టిగానే ఉంటుంది. శాకాహారులైతే మసాలాలు, పళ్లు ఉన్న వైపు నుంచే చూసి వచ్చేయొచ్చు.

మార్కెట్ భవనం 1904 నాటిది. దారాజాని అంటే "వంతెన దగ్గర". వంతెన ఏదీ అని చూడకండి, లేదు. ఒకప్పుడు అక్కడ సముద్రపు పాయ ఉండేది. పాయకి ఇవతల రాతి మేడల ఊరు, అవతల మట్టి ఇళ్ల ఊరు. ఆ అవతలి ఊరి పేరే "ఙాంబో", అంటే "అవతలి వైపు". పాయని పూడ్చేసి రోడ్డు వేశారు, పాత క్రీక్ రోడ్ అదే. నీళ్లు పోయినా పేర్లు పోలేదు. స్వాహిలిలో మాట చివర "ని" చేరిస్తే "దగ్గర, లో" అని అర్థం. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఊరి పటం దానంతటదే తెరుచుకుంటుంది. హమామ్ని అంటే స్నానశాలల దగ్గర. ఫొరొధాని అంటే సుంకం కచేరీ దగ్గర. మ్కునాజీని అంటే రేగుచెట్టు దగ్గర.

ఆ రేగుచెట్టు దగ్గరే బానిసల సంత జరిగేది. తూర్పు ఆఫ్రికా లోపలి ప్రాంతాల నుంచి మనుషుల్ని నడిపించుకొచ్చి, పడవల్లో ఈ దీవికి చేర్చి అమ్మేవారు. కొందరు ఇక్కడి లవంగ తోటలకి, కొందరు అరేబియా వైపు. ఒమాన్ సుల్తాన్ సయ్యద్ సయీద్ 1840 ప్రాంతంలో తన రాజధానినే మస్కట్ నుంచి ఇక్కడికి మార్చుకున్నాడంటే ఈ దీవి మీద ఎంత సొమ్ము వచ్చేదో ఊహించండి. బ్రిటిష్ ఒత్తిడి మీద సుల్తాన్ బర్గాష్ 1873 జూన్‌లో సంతని మూసేశాడు. ఆ ఏడాదే ఆ స్థలంలో ఆంగ్లికన్ చర్చికి శంకుస్థాపన జరిగింది. బానిసత్వం మాత్రం అంతటితో పోలేదు. చట్టపరంగా రద్దు కావడానికి 1897 దాకా పట్టింది. ఈ రెండు సంవత్సరాల మధ్య తేడా చెప్పని గైడ్లు ఉన్నారు, మీరే అడగండి.

చర్చి లోపల బలిపీఠం ముందు తెల్లరాయితో ఒక గుండ్రం ఉంటుంది. బానిసల్ని కట్టి కొట్టిన చెట్టు అక్కడే ఉండేదంటారు. తలుపు వైపు కొన్ని స్తంభాలు తలకిందులుగా ఉంటాయి. కట్టించిన బిషప్ ఎడ్వర్డ్ స్టీర్ ఊళ్లో లేనప్పుడు మేస్త్రీలు తెలియక అలా నిలబెట్టేశారట. నాకు మాత్రం స్తంభాల కంటే కప్పు ముఖ్యం. పగడపు రాతి ముక్కలూ సిమెంటూ కలిపి పోసిన కమాను అది. ఆ కాలంలో, ఆ దీవిలో, ఆ వెడల్పుకి అది పెద్ద సాహసం. తల ఎత్తి చూడండి.

బయట ఆవరణలో ఒక గొయ్యి, అందులో మెడలకి గొలుసులతో అయిదుగురు మనుషుల బొమ్మలు. 1998లో క్లారా సోర్నాస్ అనే స్వీడన్ శిల్పి చేసింది. గొయ్యిలో ఉన్నారు కాబట్టి మనం పైనుంచి వాళ్ల నడినెత్తిని చూస్తాం, కొనడానికి వచ్చినవాళ్లు చూసినట్టు. అక్కడ గైడ్ మాటలు ఆపేస్తే మంచిది. సెల్ఫీలు వద్దని అబ్బాయికి ముందే చెప్పండి.

పక్క భవనం కింద రెండు చీకటి గదులు చూపిస్తారు. నడుము వంచి దిగాలి, మెట్లు ఎత్తుగా ఉంటాయి, అమ్మగారు పైన ఆగిపోవడమే మంచిది. బానిసల్ని వేలానికి ముందు ఇక్కడే కుక్కి ఉంచేవాళ్లని చెబుతారు. పైన ఉన్న భవనం సంత మూతపడిన తర్వాత మిషన్ వాళ్లు కట్టింది, అందువల్ల ఆ గదుల వాడకం మీద చరిత్రకారుల్లో అనుమానాలున్నాయి. అంటే ఇక్కడ "ట" పెట్టుకోవాలి. అంతమాత్రాన జరిగిన ఘోరం తక్కువైపోదు. ఆ ఆవరణలోనే ఫొటోలు, పత్రాలతో ప్రదర్శన ఉంది. గదుల కంటే దానికే ఎక్కువ సమయం ఇవ్వండి.

నాలుగేళ్ల కిందట మా నాన్నగారిని తీసుకెళ్లాను. రిటైర్డ్ స్కూల్ టీచర్. ఆ ప్రదర్శన అంతా చదివి, కళ్లజోడు తుడుచుకుంటూ గైడ్‌ని అడిగారు: "ఇందులో మా ఇండియా వాళ్లు కూడా ఉన్నారా బాబూ?" గైడ్ మర్యాదకి తటపటాయించాడు. నేనే అనువాదం చేస్తూ, "ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాను. చెప్పాడు. కచ్ఛ్ నుంచి వచ్చిన జైరాం శివ్‌జీ కుటుంబం ఏళ్ల తరబడి సుల్తాన్ నుంచి కస్టమ్స్ వసూళ్లు గుత్తకి తీసుకుంది. లోపలి ప్రాంతాలకి వెళ్లే బిడారులకి అప్పులిచ్చింది చాలావరకు గుజరాతీ వ్యాపారులే. ఏనుగు దంతాల, బానిసల వ్యాపారంలో పేరుమోసిన టిప్పు టిప్‌కి పెట్టుబడి పెట్టినవాళ్లలో తారియా తోపన్ ఒకడు. నాన్నగారు ఏమీ అనలేదు. తర్వాత సముద్రం ఒడ్డున తారియా తోపన్ మొదలుపెట్టిన పాత డిస్పెన్సరీ ముందు నిలబడి, ఆ చెక్క బాల్కనీలనీ, రంగు అద్దాలనీ చాలాసేపు చూశారు. 1887లో పునాది వేసి 1894లో పూర్తి చేసిన ఆ భవనం ఊళ్లోకల్లా అందమైనది. "అందంగానే ఉంది రా," అని మాత్రం అన్నారు.

మ్కునాజీని నుంచి సందుల్లోకి దిగాక నా వృత్తి బయటపడుతుంది, భరించండి. గోడలు పగడపు రాయి, సున్నం. మన డంగు సున్నం లాంటిదే, కాకపోతే పగడాన్నే కాల్చి చేస్తారు. ఇక కప్పుకి దూలాలు మడ కర్రలు. మనకి కోరింగలోనూ, మా కృష్ణా ముఖద్వారం దగ్గరా ఉండే మడ అడవుల్లాంటివే ఇక్కడి తీరమంతా ఉన్నాయి. ఆ కర్రని "బొరితి" అంటారు. నిటారుగా దొరికే బొరితి సుమారు మూడు మీటర్లకి మించదు. అందుకే ఎంత సంపన్నుడి మేడ అయినా గది వెడల్పు ఆ మూడు మీటర్ల లోపే, పొడవు మాత్రం ఎంతైనా లాగొచ్చు. ఏ పాత ఇంట్లోకి వెళ్లినా గది రైలు పెట్టెలా ఎందుకుందో ఇప్పుడు తెలుస్తుంది. హోటల్ గదిలో తల ఎత్తి కర్రలు లెక్కపెట్టమనండి మీ అబ్బాయిని.

ఈ ఇళ్లకి శత్రువు నీళ్లు. పగడపు రాయి చెమ్మని పీలుస్తుంది, సున్నం పూత ఆ చెమ్మని బయటికి వదులుతుంది. ఈ మధ్య చాలామంది పైన సిమెంటు పూస్తున్నారు. చెమ్మ లోపలే ఇరుక్కుని, దూలాల చివర్లు గోడలో కుళ్లిపోతాయి. బయటికి నున్నగా కనబడే గోడే ఒక్కోసారి ముందు పడుతుంది. 2000లో యునెస్కో గుర్తింపు వచ్చినా, కూలిన ఇళ్ల ఖాళీలు మధ్యమధ్యలో కనిపిస్తూనే ఉంటాయి.

తలుపుల గురించి ప్రతి గైడూ చెబుతాడు, చెప్పాలి కూడా. పైన అడ్డపట్టీ సాపుగా ఉండి అరబిక్ అక్షరాలు చెక్కి ఉంటే ఒమానీ పద్ధతి. పైన అర్ధచంద్రాకారంలో కమాను, పూలు, లతలు ఉంటే తర్వాత వచ్చిన భారతీయ ప్రభావం. చిన్న చిన్న పలకలుగా మడిచే తలుపులు గుజరాతీ దుకాణాలవి. ద్వారబంధం కింది భాగంలో చేప ఉంటుంది, అంచు వెంట గొలుసు ఉంటుంది. గొలుసు ఉంటే బానిసల వ్యాపారి ఇల్లని కొందరు గైడ్లు బల్లగుద్ది చెబుతారు. ఇంటికి రక్షణ అని ఇంకొందరు. ఇత్తడి గుబ్బలు ఏనుగులు తలుపుని కుమ్మకుండా అంటారు. ఇండియాలో కోట తలుపులకి మొదలైన అలవాటు కావచ్చు, కానీ ఈ దీవిలో ఏనుగులేవి? ఇక్కడ అది హోదా. మా గైడ్ నవ్వి, "ఎన్ని గుబ్బలుంటే అన్ని డబ్బులు," అన్నాడు.

పెద్దవాళ్లకి మధ్యలో విశ్రాంతి కావాలి కదా. ప్రతి ఇంటి ముందూ అరుగు ఉంటుంది, "బరాజా" అంటారు. వానాకాలంలో సందు నీళ్లతో నిండితే దాని మీదే నడిచిపోతారు. మిగతా రోజుల్లో కబుర్లు, డొమినోలు, రాజకీయాలు. జాస్ కార్నర్ అనే చిన్న కూడలిలో కాఫీ అమ్ముతారు: బొగ్గుల కుంపటి మీద పొడవాటి ఇత్తడి పాత్ర, చిన్న పింగాణీ కప్పులు, పాలూ చక్కెరా లేని కహావా. నంజుకోవడానికి "కషాటా", అంటే మన పల్లీ చిక్కీకి అన్నదమ్ముడు.

మా నాన్నగారు ఆ అరుగు మీద కూర్చుని మొదటి గుక్కకి మొహం చిట్లించారు. పక్కనున్న ముసలాయన చూసి, కషాటా ముక్క ముందు నోట్లో పెట్టుకుని తర్వాత కాఫీ తాగాలని చేత్తో చూపించాడు. ఇక్కడ ఒక మర్యాద నేర్చుకోండి. పెద్దవాళ్లు కనబడితే "షికమో" అనాలి. ఇంచుమించు మన "నమస్కారమండీ, పాదాభివందనం" అన్నంత గౌరవం. వాళ్లు "మరహబా" అని దీవెనలా అందుకుంటారు. టూరిస్టులంతా "జాంబో" అంటుంటే మీ అబ్బాయి ఒక్కడు "షికమో" అన్నాడనుకోండి, ఆ వీధంతా మీది.

సముద్రం వైపు మూడు భవనాలు పక్కపక్కనే. పోర్చుగీసుల్ని తరిమేశాక ఒమానీలు 17వ శతాబ్దం చివర్లో కట్టిన పాత కోట, దాని పక్కన బేతల్ అజాయిబ్, అంటే "అద్భుతాల భవనం", ఆ తర్వాత సుల్తాన్ల ప్యాలెస్. బర్గాష్ 1883లో కట్టించిన అద్భుతాల భవనంలో కరెంటు దీపాలు, లిఫ్టు ఉండేవి. పోత ఇనుప స్తంభాల మీద చుట్టూ వరండాలు. 2020 డిసెంబరు 25న, మరమ్మతు పనులు జరుగుతుండగానే ఒక పెద్ద భాగం కూలి ఇద్దరు చనిపోయారు. నేను ఆ నెలలోనే అటు వెళ్లి, పరంజా చూసి, బాగుపడుతోందని సంబరపడి వచ్చాను. లోపలికి వెళ్లే ఆశ పెట్టుకోకండి, బయటి నుంచి చూడటమే.

ఇక్కడే 1896 ఆగస్టు 27 పొద్దున చరిత్రలోకెల్లా చిన్న యుద్ధం జరిగింది. తమకి నచ్చని ఖాలిద్ బిన్ బర్గాష్ గద్దెనెక్కాడని బ్రిటిష్ ఓడలు ప్యాలెస్ మీద ఫిరంగులు పేల్చాయి. సుమారు నలభై నిమిషాల్లో అయిపోయింది. గైడ్లు దీన్ని జోకులా చెబుతారు. ఆ నలభై నిమిషాల్లో సుల్తాన్ వైపు సుమారు 500 మంది చనిపోవడమో గాయపడటమో జరిగిందని తెలిశాక నాకు నవ్వు రావడం మానేసింది.

1964 జనవరి 12 విప్లవం గురించి మాత్రం అడిగే తీరు చూసుకోండి. సుల్తాన్ పాలన పోయింది, వేలమంది అరబ్బులూ భారతీయులూ చనిపోయారు, పారిపోయారు. ఏప్రిల్‌లో జాంజిబార్ ఎదురు ఒడ్డునున్న టాంగన్యీకా దేశంతో కలిసి ఇప్పటి టాంజానియా అయింది. గైడ్ తాతగారు ఏ వైపు ఉన్నారో మనకి తెలియదు. ఒకసారి అడగండి, ఆయన పొడిగా జవాబిస్తే వదిలేయండి. మీ అబ్బాయి తప్పకుండా అడిగే క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ కుటుంబం కూడా ఆ ఏడే ఇంగ్లండ్ వెళ్లిపోయింది. ఆయన 1946లో ఇక్కడి పార్సీ కుటుంబంలో ఫరూఖ్ బల్సారాగా పుట్టాడు. షంగానిలో చిన్న మ్యూజియం ఉంది. అభిమాని అయితే వెళ్లండి, కాకపోతే గుమ్మం దగ్గర ఫొటో చాలు.

తిండికి దిగులు పడకండి. "సిలి న్యామా" అంటే మాంసం తినను అని, "బిలా యాయి" అంటే గుడ్డు లేకుండా అని. పొద్దున వీధి చివర గుంతల పెనం మీద వేసే "వితుంబువా" మన తీపి గుంతపొంగణాలే, బియ్యప్పిండి, కొబ్బరిపాలు, యాలకులు. "కచోరి" అంటే అక్కడ ఆలూ బోండా. బొబ్బర్లతో చేసే "బజియా" తింటే అమ్మగారికి మనింటి వడ గుర్తొస్తుంది. సాయంత్రం ఫొరొధాని తోటలో పెట్రోమాక్స్ వెలుగుల కాలం నుంచీ ఉన్న తిండి సంత ఉంది. చెరకు రసంలో అల్లం, నిమ్మ పిండి ఇస్తారు, అది తప్పక తాగండి. పుల్లటి "ఉరోజో" సూపులో మాంసం ముక్కలు వేస్తారు, ముందే చెప్పాలి. పొయ్యి ఒకటే కాబట్టి కట్టుదిట్టమైన శాకాహారులైతే ఊళ్లోని ఇండియన్ హోటళ్లకే వెళ్లండి. రేటు తినకముందే అడగండి.

చిన్న విషయాలు: భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ సందుల్లో తిరగకండి. రంజాన్ నెలలో పగలు వీధిలో తినొద్దు, నీళ్లు కూడా పక్కకెళ్లి తాగాలి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఆ నెలలైతే తేదీలు మార్చుకోండి. 2024 అక్టోబరు నుంచి విదేశీయులు జాంజిబార్ ప్రభుత్వ బీమా కొనాలి, 44 డాలర్లు. ఇంటి దగ్గర తీసుకున్న ట్రావెల్ పాలసీ దీనికి బదులు కాదు. వచ్చేముందే ఆన్‌లైన్‌లో కొనేయండి.

బీమాని అక్కడా "బిమా" అనే అంటారు. సాయంత్రం గైడ్ లేకుండా తిరిగేటప్పుడు మీ నలుగురూ ఆడుకోవడానికి ఇదే ఆట: బోర్డుల మీద మన మాటలు వెతకడం. డబ్బు "పెసా", లక్ష "లకి", సబ్బు "సబూని", దుకాణం "దుకా", వకీలు "వకీలి", సర్కారు "సెరికాలి", గోనెసంచి "గునియా". కొన్ని అరబ్బీ, పారసీల నుంచి ఇద్దరికీ వచ్చినవి, కొన్ని నేరుగా ఇండియా నుంచి వెళ్లినవి. మా నాన్నగారు చీకటి పడేదాకా పద్దెనిమిది పోగేసి, బస్ టికెట్ వెనక రాసుకున్నారు. తిరుగు ఫెర్రీకి వెళ్తుంటే రేవు గేటు మీద పెద్ద అక్షరాల్లో "బందరి" అని కనబడింది. ఓడరేవు అని అర్థం. "ఒరే, మన ఊరు ఇక్కడుంది చూడు," అని గేటు ముందు నిలబడిపోయారు. వెనకున్న జనం తోస్తున్నా ఫొటో తీయించుకునే కదిలారు.